కొసరు వైరస్

సిరిసిల్లలో నేను చేసినంత బేరం ఇంకెవరూ చేసి ఉండరు. మగ్గం మీంచి దిగిన తెల్లగుడ్డ, ఒక నిండు తాను. అమ్మేవాడు తన పిల్లల మీద ఒట్టు పెట్టి "ఇగ పైస తగ్గది" అన్న ధరను ఇంకో రెండు మెట్లు కిందికి దింపి, పైన కొసరు కూడా పెట్టించుకుని, తానును భుజాన వేసుకుని పెండ్లికూతురిలా బస్సెక్కాను. ఆ ఒక్క బేరంతో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పాడైంది, నోటి మాట పాడైంది, హైదరాబాద్ చేజారింది. అయినా చెబుతున్నాను, ధర మాత్రం అద్భుతం. ఆ రేటుకు అలాంటి తాను తెచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి నాకు చూపించమనండి.

మాది కోరుట్లలో కిరాణా దుకాణం. నడక నేర్చింది బియ్యం బస్తాల మధ్య, అంకెలు నేర్చింది తూకం రాళ్ల మీద. మా తమ్ముడిని గల్లా దగ్గర కూర్చోబెడితే అడిగినవాళ్లకు అడిగినంత తగ్గించేసేవాడు, వాడికి బేరమంటే సిగ్గు. నన్ను కూర్చోబెడితే తగ్గించమని అడగడానికి వచ్చినవాళ్లు ఇంకో అరకిలో ఎక్కువ కొనుక్కుని వెళ్లేవాళ్లు. అందుకని గల్లా నాదే అని బాపు నా చిన్నప్పుడే తీర్మానించుకున్నాడు.

కొసరు అంటే తెలియనివాళ్లు ఉండరు. కిలో పప్పు తూచాక పైన గుప్పెడు వేస్తామే, అదే. కొనేవాళ్లకు సరుకు కంటే కొసరే ముద్దు. సరుకు పైసలకు వచ్చింది, కొసరు తమ తెలివికి వచ్చింది. ఆ సంబరం బాపుకు బాగా తెలుసు. ఎవరైనా కొసరు కోసం గొడవపడితే ఆయన మురిసిపోయేవాడు. వాళ్లు వెళ్లిపోయాక నాతో మెల్లగా అనేవాడు:

"బిడ్డా, కొసరడిగేటోడు కాంటా సూడడు."

ఈ మాట వింటూ పెరిగిన మనిషిని నేను. గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వుకోవడానికి పనికొస్తుంది.

అది తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న కాలం. నేను జగిత్యాలలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. ప్రాజెక్టు అయ్యాక హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రీసెర్చ్‌కు చోటు ఉందని నా ప్రాజెక్టు చూసే మేడం చెప్పింది. బాపు దగ్గరికి వెళ్లి బేరం మొదలుపెట్టాను.

"పాసైతే హైదరాబాద్ పోత బాపు. ఆపొద్దు."

"పాసైతే పో. తప్పితే ఏడాది గల్ల మీద కూసోవాలె. మల్ల నసుగుడు లేదు."

"సరే."

అక్కడితో లేచి వెళ్లిపోవాల్సింది. లేవలేదు. కొసరు అడిగాను.

"జగిత్యాల పోయిరానీకి మోపెడ్ గూడ ఇప్పియ్యాలె."

బాపు కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. కోరుట్ల బజారులో ఆ తుడవడం చూసినవాళ్లెవరూ ఆ తర్వాత లాభపడలేదు.

"ఇప్పిస్త. అయితే పాసు గాదు. ఫస్ట్ క్లాసు."

మోపెడ్ ఎర్రరంగుదే కావాలని కూడా అడిగి మరీ ఒప్పుకున్నాను.

నా ప్రాజెక్టు గురించి చెప్పాలి. మా వైపు వరికి ఎండాకు తెగులు వస్తుంది. ఆకు అంచు పసుపెక్కి, ఆ పసుపు లోపలికి పాకి, చివరికి చేను నిప్పుసెగ తగిలినట్టు ఎండిపోతుంది. దీనికి కారణం ఒక బాక్టీరియా. ఆ బాక్టీరియాకు కూడా ఒక శత్రువు ఉంటుంది. దాని ఒంట్లోకి దూరి, అక్కడే పిల్లల్ని పెట్టి, దాన్ని పగలగొట్టుకుని బయటికి వచ్చే వైరస్. ఫేజ్ అంటారు. బాక్టీరియా ఎక్కడుంటే అదీ అక్కడే ఉంటుంది. తెగులు పట్టిన పొలంలో నీళ్లు తెచ్చి, అందులోంచి ఫేజ్‌ను పట్టి, అది ఎలాంటిదో తేల్చి రాయడమే నా పని.

నీళ్లకు కథలాపూర్ వెళ్లాను. అక్కడొక రైతు మా దుకాణం ఖాతాదారు. గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చి, తెచ్చిన పైసలన్నీ బోరుకు, వరికి పెట్టిన మనిషి. నేను కాకా అని పిలిచేదాన్ని. పొలం గట్టు మీద కూర్చుని సీసాలో బురదనీళ్లు ముంచుతుంటే ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏందే బిడ్డా, ఇగ మా పొలంల నీళ్లు గూడ అమ్ముతర మీ దుకాణంల?"

"గాదు కాకా. గీ నీళ్లల ఒక పురుగుంటది. నీ వరికి వట్టిన పురుగును గది తింటది."

"తినేదే ఉంటె ఇన్నొద్దుల సంది ఏం జేస్తున్నది? పండుకున్నదా?"

"గదే కనుక్కుందామని."

"లేపు బిడ్డా, లేపు. నాకైతె సగం చేను పాయె."

ల్యాబ్‌కు తెచ్చి, కాగితపు ఫిల్టర్‌లో వడకట్టాను. బురదనీళ్లకు కాగితం మొరాయిస్తుంది. పొద్దున పోస్తే సాయంత్రానికి చుక్క చుక్కగా గ్లాసెడు. ఆ నీళ్లలో తెగులు బాక్టీరియాను కలిపి ఒక రాత్రి ఉంచి, తెల్లారి క్లోరోఫాం పోసి బాక్టీరియాను చంపేస్తే, ఫేజ్ ఉంటే మిగులుతుంది. గాజు ప్లేటు మీద ఈ బాక్టీరియా పసుపు పూసినట్టు పచ్చటి పొరగా పెరుగుతుంది. ఫేజ్ తిన్నచోట పొరలో రంధ్రం పడుతుంది. నా ప్లేటులోనూ పడ్డాయి, కానీ ఎంత? సూదిమొనతో పొడిచినంత. వెలుతురుకు అడ్డంపెట్టి, కళ్లు చికిలించి చూస్తే తప్ప కనిపించవు. నాకు నచ్చలేదు. దుకాణంలో పుట్టినదాన్ని, పావలాలు ఏరుకోవడానికా ఎమ్మెస్సీ చదివింది? ఆ నీళ్లను చిన్న సీసాలో పోసి, పైన "చిల్లర" అని రాసి, ఫ్రిజ్‌లో వెనక్కి తోసేశాను.

పెద్ద ఎత్తున నీళ్లు వడకట్టాలనుకున్నాను. సన్నరంధ్రాల ఫిల్టర్లు హైదరాబాద్ నుంచి రావాలి. ఈరోజు బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. రోడ్డు మీద అన్నాలు వండుతుంటే ఫిల్టర్లు ఎలా వస్తాయి? మేడం వాళ్లమ్మకు ఆపరేషన్ అయి హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. అడిగేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. సిరిసిల్ల ఉండగా ఫిల్టర్‌కు కరువేంటి అనుకున్నాను. గుడ్డను మడతల మీద మడతలు వేస్తే బురద ఆగుతుంది, మిగతాది క్లోరోఫాం చూసుకుంటుంది.

సిరిసిల్లలో మరమగ్గాల మోతకు మామూలుగా మాట్లాడితే వినబడదు. అక్కడ బేరం అరుచుకుంటూనే సాగాలి. అది నాకు ఇంకా కలిసొచ్చింది.

"బ్యానర్లకా చెల్లె?" అని అరిచాడు గుడ్డలమ్మే ఆయన. ఉద్యమం పుణ్యమా అని తెల్లగుడ్డకు గిరాకీ మీదుంది.

"బ్యానర్లకు గాదన్నా. వైరస్ వడగట్టనీకి."

"ఏందీ?"

"వైరస్! వై-ర-స్!"

"చాయ్ వడగట్టినట్టా?"

"గట్లనే అనుకో."

ఆయన ధర చెప్పాడు. నేను గుండె పట్టుకున్నాను. "తెలంగాణ బిడ్డ సదువుకుంటాన అంటె గింత రేటు జెప్తవా? రేపు రాష్ట్రమొస్తె నీ గుడ్డ పేరు పుస్తకంల రాస్త."

"గట్లయితె రాష్ట్రమొచ్చినంకనే రా చెల్లె. అప్పుడిస్త గా రేటుకు."

గడపదాకా వెళ్లాను, తిరిగొచ్చాను. మళ్లీ వెళ్లాను. ఈసారి ఆయనే పిలిచాడు. చివరికి నేను అన్నదానికే దిగాడు. డబ్బులు చేతిలో పెట్టబోతూ, అలవాటు ఊరుకుంటుందా, చేయి వెనక్కి తీసుకున్నాను.

"మా ల్యాబ్ మొత్తం తేమ అన్నా. గుడ్డ బూజు వడ్తది. బూజు వట్టనిది గావాలె. గిదే రేటుకు."

ఆయన నా వైపు కాసేపు చూసి, ఆ తాను పక్కన పెట్టి, లోపల్నుంచి ఇంకోటి తెచ్చాడు. గంజితో అట్టలా ఉంది.

"గిది తీస్కపో. వానకాలమంత మూలకు వడేసినా బూజు రాదు. సంబురమా?"

ఎందుకు రాదు అని నేను అడగలేదు. కొసరు దొరికినవాళ్లు అడగరు.

గుడ్డను ఉతకలేదు. ఉతికితే గంజి పోయి పల్చనవుతుందని భయం. కత్తిరించి, ఆవిరిలో ఉడికించి, క్రిములు లేకుండా చేశాను. అంతకంటే శుభ్రం ఏముంటుంది? కథలాపూర్ నీళ్లు దాంట్లోంచి ధారగా దిగాయి. ఆ నీళ్ల బొట్టు పచ్చటి పొర మీద పెట్టి రెండు రోజులాగి మూత తీశాను. బొట్టు పెట్టినచోట పొర లేదు. సూదిమొనలు కాదు, రూపాయి బిళ్లంత నున్నటి గుండ్రటి కిటికీ! ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నా గట్టిగా నవ్వాను. ఆ వైరస్‌కు మనసులో పహిల్వాన్ అని పేరు పెట్టుకున్నాను.

వైరస్ ఎలాంటిదో తేల్చడమంటే సంబంధం చూడటమే. ఎంత వేడికి ఓర్చుకుంటుంది, పులుపు తగిలితే ఏమవుతుంది, ఎవరితో పడుతుంది, ఎవరితో పడదు, ఎంతసేపట్లో ఎందరిని కంటుంది. పహిల్వాన్‌కు అన్నిట్లోనూ వంద మార్కులు. వేడిచేశాను, చావలేదు. చాయ్‌లా తెర్లించాను, చావలేదు. యాసిడ్ పోశాను, పట్టించుకోలేదు. కథలాపూర్ తెగులును చంపింది. ధర్మపురి నుంచి, బీర్పూర్ నుంచి తెచ్చిన తెగుళ్లను చంపింది. వరితో ఏ సంబంధమూ లేని, పెరుగులోంచి తీసిన బాక్టీరియాను కూడా చంపింది. ప్రపంచంలో ఇలాంటి ఫేజ్ ఇంకొకటి ఉండదనుకున్నాను. ఆ మాట నిజమే, ఇంకొకటి లేదు.

ఒక్క పరీక్షే కాస్త సతాయించింది. ఆ కిటికీలోంచి కొంచెం తీసి కొత్త బాక్టీరియాలో కలిపితే ఫేజ్ మళ్లీ పెరగాలి. కలిపాను. మరుసటి ప్లేటులో కిటికీ మసకబారింది. దాంట్లోంచి తీసి మళ్లీ కలిపితే అసలు కిటికీయే లేదు. పహిల్వాన్ అలసిపోయి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ ఇచ్చాను, చప్పట్లు కొట్టారు. కథలాపూర్ కాకా దుకాణానికి వస్తే, "ఇగ రంది వడకు కాకా, వచ్చే పంటకు మందొస్తది" అని ఉప్పు పొట్లం కడుతూ మాటిచ్చేశాను. ఆయన పొట్లం కంటే ముందు ఆ మాటను ఊరికి మోసుకెళ్లాడు.

మేడం తిరిగొచ్చి నా ప్లేట్లు ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టి చూసింది. ఆవిడది కూడా మా జిల్లాయే, కోపమొస్తే తప్ప ఇంగ్లిష్ మాట్లాడదు. ఆ రోజు కోపపడాల్సిన చోట కూడా అచ్చ తెలుగే మాట్లాడింది, అందుకే నాకు భయమేసింది.

"తెర్లవెట్టినా సావది. యాసిడ్ పోసినా సావది. దొరికినదాన్నల్ల సంపుతది. పిల్లల్ని మాత్రం కనది. గిది వైరసేనా?"

"అలసిపోయిందేమో మేడం."

"వైరస్‌కు అలుపేంది? సరే, ఒక్కటి జెప్పు. ఒట్టి నీళ్లు గీ గుడ్డల వడగట్టి వెట్టి సూసినవా?"

మా దుకాణంలో పొద్దున షట్టర్ ఎత్తగానే బాపు చేసే మొదటి పని ఒకటుంది. దేవుడికి దండం కూడా దాని తర్వాతే. ఖాళీ కాంటాను పైకెత్తి, ముల్లు నడుమ నిలబడిందా లేదా చూస్తాడు. ఏమీ వేయకముందే కాంటా ఒకవైపు మొగ్గితే, ఆ రోజు తూచినదంతా అబద్ధం. ఒట్టి నీళ్లు వడకట్టి చూడటం అంటే అదే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని, నేను చేయలేదు. గుడ్డ చవకగా వచ్చిన ఆనందంలో ఉన్నాను.

కాచి చల్లార్చిన మంచినీళ్లు గుడ్డలోంచి వడకట్టి బొట్టు పెట్టాను. రెండు రోజులకు మూత తీస్తే పహిల్వాన్ నన్ను చూసి నవ్వాడు. అదే గుండ్రటి కిటికీ. పొలం నీళ్లు లేవు, ఫేజ్ లేదు, ఒట్టి నీళ్లు. ఆ నీళ్లలో అమ్మోనియా చుక్క వేశాను. ముదురు నీలంగా మారింది. అంటే రాగి.

సిరిసిల్లకు ఫోన్ చేసి, గుడ్డలో ఏం కలిపావని అడిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"మైలుతుత్తం. గంజిల గలుపుతం. నువ్వే గద చెల్లె బూజు వట్టనిది అన్నవ్? దానికి నీతాన పైస గూడ తీసుకోలే. కొసరే గద!"

మైలుతుత్తమంటే రాగి ఉప్పు. బాక్టీరియాను చంపింది అదే. అది మా దుకాణంలోనే గల్లాకు ఎడమవైపు రేకు డబ్బాలో ఉంటుంది. రైతులు పంటకు కొనుక్కెళతారు. చిన్నప్పటి నుంచి నా చేతులతో తూచి పొట్లాలు కట్టాను. ఇంట్లో చెప్పినప్పుడు బాపు అన్నం కలుపుతూ చేయి ఆపాడు.

"గా డబ్బల మైలుతుత్తమా? ముప్పై ఏండ్ల సంది అమ్ముతున్న బిడ్డా. నాకెవ్వడు ఫస్ట్ క్లాసు ఇయ్యకపాయె."

మరుసటి రోజు మేడం దగ్గర బేరం పెట్టాను. మొత్తం తీసేయొద్దు, సగం ఉంచుదాం, సెమినార్‌లో చెప్పినంత వరకైనా ఉంచుదాం, ఎవరూ చూడరు, ఫస్ట్ క్లాస్ వస్తే చాలు. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విన్నది.

"అయిపోయిందా? గీ దుకాణంల ఒక్కటే రేటు." తర్వాత అడిగింది, "మొదటిసారి కాగితంల వడగట్టినవు గదా, గది ఏమైంది?"

"అది చిల్లర మేడం."

"సీసా ఉన్నదా?"

సీసా ఉంది. ప్రాజెక్టు పెట్టాల్సిన గడువుకు మాత్రం కొద్ది వారాలే ఉన్నాయి. పహిల్వాన్ మీద రాసిందంతా చింపేస్తే నా చేతిలో ఒక చిన్న సీసా, ఒక ఎర్ర మోపెడ్ మిగిలాయి.

సరిగ్గా అప్పుడు సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతబడ్డాయి, కాలేజీ గేటుకు తాళం పడింది. గడువు ఎప్పటికి జరుగుతుందో చెప్పేవాళ్లు కూడా సమ్మెలోనే ఉన్నారు. ఊరంతా రాష్ట్రం కోసం సమ్మె చేస్తుంటే నాకు మాత్రం అది నా కోసం చేస్తున్నట్టు అనిపించింది. ఇప్పుడు కావల్సిందల్లా ల్యాబ్‌లోకి దారి.

కాలేజీ గేటు ముందు టెంటు వేసి విద్యార్థులు దీక్షలో కూర్చున్నారు. మోపెడ్ ఆపగానే వాళ్ల నాయకుడు లేచి వచ్చాడు, నాకంటే ఒక క్లాసు చిన్నవాడు.

"అక్కా, కాలేజి బంద్. ఎవ్వలు లోపటికి పోవద్దు."

"నేను పోకుంటె లోపటున్న నా వైరస్ ఏం గావాలె?"

"వైరస్సా? ఏం వైరస్?"

"కథలాపూర్ వైరస్ తమ్మీ. వరిపొలంల దొరికింది. సమ్మె అయ్యేదాక ఆగుమంటె ఆగది, సస్తది."

టెంటులోంచి ఇంకొకడు అరిచాడు. "లోకలేనా అక్కా?"

"పక్కా లోకల్."

"ముల్కీ సర్టిఫికెట్ ఉన్నదా?"

నిజాం నాటి ఆ స్థానికత పత్రం పేరు వినగానే టెంటంతా నవ్వింది. నవ్వాక బేరం తేలిక. వాళ్లు అసలు వద్దన్నారు, నేను రోజంతా కావాలన్నాను. పొద్దున వచ్చి టెంటులో కూర్చుని, నినాదాలిచ్చి, తర్వాత వెనక గోడ పక్క చిన్న తలుపులోంచి వెళ్లాలని తెగింది. కొసరు అడగబోయి నాలుక కరుచుకున్నాను. అడిగింది వాళ్లే. "మైకుల గూడ మాట్లాడాలె అక్కా. నీ నోరు మాకు అక్కరకస్తది." మాట్లాడాను. నా జీవితంలో నేను పూర్తి ధర చెల్లించిన సరుకు ఆ ల్యాబ్ తలుపొక్కటే.

బొగ్గుబావులు కూడా ఆగిపోయాయి కనక కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంటి నుంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చి గ్యాస్ పొయ్యి మీద బాక్టీరియాకు వేసే మేత, గాజుసామాను ఉడికించాను. సీసాలు ఊపే మిషన్ ఆగిపోతే చేత్తో ఊపాను. బయట టెంటులో డప్పు మోగేది. ఆ దెబ్బకు తగ్గట్టు ఊపితే చేయి నొప్పి తెలియదు. చిల్లర ఆ రోజుల్లో డప్పు దరువు మీదే పెరిగింది.

ఈసారి ప్రతి ప్లేటు పక్కన ఒట్టి నీళ్ల ప్లేటు పెట్టాను. దాంట్లో పచ్చటి పొర చెక్కుచెదరలేదు. కాంటా నిలబడింది. చిల్లర నీళ్లను పదింతలు పల్చన చేశాను, మళ్లీ పదింతలు, మళ్లీ. పల్చనయ్యేకొద్దీ చుక్కలు తగ్గాయి కానీ మసకబారలేదు. మిగిలిన ప్రతి చుక్కా మొదటి చుక్కంత స్పష్టంగా ఉంది. ఒక్క చుక్కను సూదితో తీసి కొత్త బాక్టీరియాలో వేస్తే మరుసటి ప్లేటు నిండా చుక్కలే. అప్పుడు నాకు దుకాణం భాషలో అర్థమైంది. మైలుతుత్తం బస్తాలో సరుకు, తీసినకొద్దీ తరుగుతుంది. ఫేజ్ వడ్డీకి తిరిగే సొమ్ము, తీసి బయట వేస్తేనే పెరుగుతుంది. ఏది సరుకో ఏది వడ్డీయో తెలియకుండా సెమినార్ ఇచ్చిన కిరాణా కొట్టు పిల్ల నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కానీ మిగతా పరీక్షల్లో చిల్లర చాలా పేదది. కాస్త వేడి తగిలితే చచ్చింది. ల్యాబ్ కిటికీలోంచి ఎండ పడితే చచ్చింది. పులుపు పడలేదు. బీర్పూర్ తెగులును ముట్టలేదు, ధర్మపురి తెగులు వైపు చూడనైనా లేదు. కథలాపూర్ తెగులొక్కటే దానికి తిండి. టెంటులో ఈ సంగతి చెబితే వాళ్లు ఈలలు వేశారు. "చెప్పలే? ముల్కీయే!" అన్నాడు సర్టిఫికెట్ అడిగినవాడు. తర్వాత చెబితే మేడం కూడా నవ్వింది. "ఇది వైరస్. ఇట్లనే ఉంటది. దేనికి పడుతదో దానికే పడుతది."

కరెంటు నిలవని కాలేజీ ఫ్రిజ్‌ను నమ్మలేక చిల్లర సీసాను స్టీలు డబ్బాలో పెట్టి తాళం వేసి, మా దుకాణంలో ఇన్వర్టర్ మీద నడిచే కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో దాచాను. బాపు చూశాడు.

"గిదేందే, సోడాల పక్కన?"

"వైరస్ బాపు."

"మనుషులకు అంటుతదా?"

"బాక్టీరియాకే."

"ఎవలన్న అడిగితె ఎంతకియ్యాలె?"

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటో తీయించడానికి హైదరాబాద్ పంపాలి. బస్సులు లేవు. సమ్మె ముగిశాక అక్కడ వరుసలో చోటు దొరకలేదు. చిల్లర ముఖం నేను ఇంతవరకు చూడలేదు. దాని గుణాలన్నీ తెలుసు, ముఖం తెలియదు.

కాలేజీ తెరిచాక ప్రాజెక్టు పెట్టాను. అందులో గుడ్డ గురించి ఒక అధ్యాయం ఉంది, పహిల్వాన్ పుట్టుకా చావూ అన్నీ. పరీక్షకు బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఆ అధ్యాయమే ఎక్కువసేపు చదివాడు. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. "పని చిన్నది. ఫొటో లేదు. చెప్పిందంతా నమ్మొచ్చు," అన్నాడు. నమ్మినంత మాత్రాన మార్కులు రావు. ఫలితం సెకండ్ క్లాస్. హైదరాబాద్ చోటు ఇంకెవరికో వెళ్లింది.

ఇంటికొచ్చి మోపెడ్ తాళం చెవి గల్లా మీద పెట్టాను. బాపు దాన్ని నా వైపే తోశాడు.

"గది నీదే. ఇప్పిస్త అన్న, ఇప్పిచ్చిన. మరి నీ మాట?"

"నా మాట మాటే. ఏడాది."

"పన్నెండు నెలలు," అన్నాడు, నేను పదకొండుకు అడుగుతానని తెలిసి.

అలా కూర్చున్నాను. చిన్నతనం ఏమీ అనిపించలేదు, బేరంలో ఓడినవాళ్లు చెల్లించడం మా వీధిలో మామూలే. ఆ ఏడాది తీరాక జగిత్యాలలో మేడం ల్యాబ్‌లోనే పనికి చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. రాష్ట్రం వచ్చింది. సిరిసిల్ల తానులో మిగిలిన గుడ్డ మేడం బీరువాలో ఉంది. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు దాన్నిచ్చి, ఒట్టి నీళ్లు వడకట్టమంటాం.

ఆ బేరానికి ఆఖరి బిల్లు మాత్రం గల్లా మీద కూర్చున్న మొదటి వారంలోనే వచ్చింది. కథలాపూర్ కాకా దుకాణానికి వచ్చాడు. నూనె, బెల్లం చెప్పి, చివర్లో మైలుతుత్తం కూడా చెప్పాడు. నేను ఖాళీ కాంటా ఎత్తి ముల్లు చూసుకుని తూచడం మొదలుపెట్టాను.

"మందు ఏమాయె బిడ్డా? నాట్లు దగ్గరికొచ్చె. ఊరోళ్లు రోజు అడుగుతాండ్లు."

"ఉన్నదున్నట్టు జెప్త కాకా. నేను గొప్పగ జెప్పినది వైరస్ గాదు. గిదే." మైలుతుత్తం పొట్లం చూపించాను. "గుడ్డకు అంటి వచ్చింది. నేను సూసుకోలే."

ఆయన పొట్లం వైపు, నా వైపు చూశాడు. "మరి అసలుది?"

"అసలుది ఉన్నది. నీ పొలంల దొరికింది, నీ ఊరి తెగులునే తింటది. గాని గాజుపళ్లెంలనే తింటది. ఎండ తాకితె సస్తది. నీ వరికి ఇప్పుడైతె పనికిరాది."

"అంటె నాకేం మిగిల్నట్టు?"

"నీకేం మిగల్లే కాకా. నాకు డిగ్రీ మిగిలింది, సెకండ్ క్లాసు. బాపుకు నేను మిగిలిన, ఏడాదికి."

వెనకాల బస్తాల దగ్గర బాపు దగ్గాడు.

"నేను ఊరంత జెప్పుకుంటి గదనే," అన్నాడు కాకా. తిట్టినా బాగుండేది, మెల్లగా అన్నాడు.

"గా మాట నాది, బాకీ నాది. ఐతారం నేనే అచ్చి మీ ఊరోళ్లకు జెప్త. నువ్వు పక్కన నిలవడితె సాలు."

ఆయన బెల్లం వైపు గడ్డం ఊపాడు.

"మా ఊరిదాన్నే తింటదా?"

"మీ ఊరిదాన్నే. పక్క ఊరిది ముట్టది."

"పౌరుషమున్నది దానికి," అన్నాడు. "సరే తియ్యి. కొసరేస్తవా లేదా?"

చేయి బెల్లం మీదికి అలవాటుగా పోయింది. ఆయన కళ్లు ఆ చేతినే చూస్తున్నాయి. ఆపి, కాంటాను ముల్లు కనబడేలా ఆయన వైపు తిప్పాను.

"ఏస్త కాకా. ముందుగాల కాంటా సూడు."